సహారా మీద మంచు పేరుకున్న కాలం

స్వీడన్‌లో పాత చర్చిల్లోకి వెళ్ళినవాళ్ళు ముందు తలెత్తి పైకప్పు చూస్తారు. తల దించి చూస్తే ఆ కట్టడం కంటే ఎన్నో రెట్లు పాతదైన వింత కాళ్ళ కిందే ఉంటుంది. ఎరుపు, బూడిద రంగుల సున్నపురాయి బండల్లో ఒక కొసన సన్నగా మొదలై రెండో కొసకు వెడల్పవుతూ పోయే గొట్టాలు కనిపిస్తాయి. కొన్ని జానెడు, కొన్ని మూరెడు. లోపల వరసగా అడ్డగోడలు, గది తర్వాత గది. అవి నాటిలాయిడ్లు అనే జీవుల గుల్లలు. ఈనాటి ఆక్టోపస్‌కీ, స్క్విడ్‌కీ అవి దూరపు చుట్టాలు. ఓలండ్ దీవిలోనూ, కిన్నెకుల్లె కొండ దగ్గరా శతాబ్దాలుగా ఈ రాయిని తవ్వి మెట్లకూ గచ్చుకూ వాడుతూ వచ్చారు. జనం నడిచి నడిచి రాయి నునుపెక్కిన కొద్దీ గుల్లలు ఇంకా స్పష్టంగా తేలాయి.

మన ఇళ్ళల్లో పరిచే తాండూరు బండ, బేతంచెర్ల రాయి కూడా సున్నపురాళ్ళే. ఎంత పాలిష్ పట్టినా వాటిలో ఒక్క గుల్ల కూడా కనిపించదు. ఆ రాళ్ళు సముద్రం అడుగున పేరుకుంటున్న నాటికి గట్టి గుల్ల కట్టుకునే జంతువుల కాలం ఇంకా రాలేదు. కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్ళలో ఉన్న జీవం ఆనవాళ్ళు కూడా సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రొమటొలైట్లే. ఆ తర్వాత తెలుగు నేల మీద రాళ్ళ చరిత్ర చాలాకాలం తెగిపోతుంది. మళ్ళీ అందుకునేది గోదావరి లోయలో, సింగరేణి బొగ్గు పొరలకు అడుగున, దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట హిమానీనదాలు వదిలిపోయిన గుండ్రాళ్ళ పొర దగ్గర. స్వీడన్ గుల్లల కాలం సరిగ్గా ఆ ఖాళీలో పడింది. భారతదేశంలో ఆ నాటి సముద్రాన్ని చూడాలంటే హిమాచల్‌ప్రదేశ్‌లోని స్పితి లోయ దాకా ఎక్కాలి. అక్కడా, మధ్య హిమాలయాల్లో ఇతర చోట్లా దొరికిన ఆ కాలపు శిలాజాల మీద ఎఫ్. ఆర్. సి. రీడ్ రాసిన గ్రంథాన్ని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1912లో ప్రచురించింది.

ఆ కాలం పేరు ఆర్డొవీషియన్. సుమారు 48.5 కోట్ల ఏళ్ళ కిందట మొదలై 44.3 కోట్ల ఏళ్ళ కిందట ముగిసింది. డైనోసార్లు రావడానికి అక్కణ్ణుంచి ఇంకో 20 కోట్ల ఏళ్ళు పట్టింది. డైనోసార్లకు దక్కిన పేరులో వెయ్యో వంతు కూడా ఈ కాలానికి దక్కలేదు. కథ మాత్రం తక్కువదేమీ కాదు. సముద్రం నెమ్మదిగా చల్లబడటంతో జీవులు ముందెన్నడూ లేనంతగా పెరిగాయి. అదే సముద్రం హఠాత్తుగా మరికాస్త చల్లబడి, ఆ తర్వాత అంతే తొందరగా మళ్ళీ వేడెక్కేసరికి నూటికి 85 జాతులు తుడిచిపెట్టుకుపోయాయి. పెంచిన చలే చంపింది.

అప్పటి భూగోళాన్ని ఇప్పటి పటంతో పోల్చి గుర్తుపట్టడం కష్టం. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, భారతదేశం, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి గోండ్వానా అనే ఒకే మహాఖండం. ఉత్తర అమెరికా విడిగా భూమధ్యరేఖ మీద పడుకుని ఉంది. స్వీడన్ ఉన్న బాల్టికా దక్షిణార్ధగోళంలో ఉంది. ఉత్తరార్ధగోళంలో దాదాపు అంతా నీళ్ళే. దక్షిణ ధ్రువం ఎక్కడుందయ్యా అంటే, ఇప్పటి ఉత్తర ఆఫ్రికా కింద. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చంద్రుడు ఇప్పటికంటే దగ్గరగా ఉండేవాడు. రోజుకు సుమారు 21 గంటలే. సూర్యుడి వెలుగు ఇప్పటికంటే నాలుగు శాతం దాకా తక్కువ. కానీ గాలిలో బొగ్గుపులుసు వాయువు ఇప్పటికి ఎన్నో రెట్లు ఉండటంతో ఆ లోటు తెలియలేదు. ధ్రువాల దగ్గర పెద్దగా మంచు లేదు. సముద్రమట్టం ఎంత పైకి ఉండేదంటే ఖండాల నడిబొడ్డుల్లోకి కూడా నీరు చొచ్చుకొచ్చి, వేల కిలోమీటర్ల మేర లోతు తక్కువ సముద్రాలు పరుచుకున్నాయి. ఎండ అడుగుదాకా చేరే, వెచ్చటి, తేట నీళ్ళు. సముద్రజీవులకు అంతకంటే కావలసిందేముంది?

మొదట్లో ఆ నీళ్ళు వెచ్చదనం దాటి బాగా వేడిగానే ఉండేవి. ఈ సంగతి చెప్పింది ఓ పిసరంత పన్ను. కోనోడాంట్లు అని, పాముచేపను పోలిన చిన్న జీవులు అప్పటి సముద్రంలో ఉండేవి. వాటి మెత్తటి ఒళ్ళు కుళ్ళిపోయింది, మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే పళ్ళు మాత్రం మిగిలాయి. పన్ను తయారైనప్పుడు నీళ్ళు ఎంత చల్లగా ఉంటే దానిలో బరువు రకం ఆక్సిజన్ అంత ఎక్కువ చేరుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జూలీ ట్రాటర్, ఆమె సహచరులు ఆ లెక్కను పట్టుకుని 2008లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఆర్డొవీషియన్ మొదట్లో ఉష్ణమండల సముద్రపు పైనీరు 40 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉండేదట. తర్వాత రెండున్నర కోట్ల ఏళ్ళలో మెల్లగా దిగి ఈనాటి భూమధ్యరేఖ సముద్రాల స్థాయికి వచ్చింది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, అదే వేడికి జంతువుల ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. వేసవిలో రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా ఏరేటర్లు తిప్పుతూ కూర్చునే భీమవరం రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. సముద్రం చల్లబడిన సరిగ్గా ఆ రోజుల్లోనే జంతు కుటుంబాల సంఖ్య సుమారు మూడు రెట్లయింది.

ఆర్డొవీషియన్‌కు ముందటి కాలంలో జరిగిన కేంబ్రియన్ విస్ఫోటనం గురించి అందరూ వింటారు, దాని తర్వాతి ఈ పెరుగుదల గురించి వినేవాళ్ళు తక్కువ. కేంబ్రియన్‌లో జంతువుల మూల నమూనాలు చాలామటుకు తయారైన మాట నిజమే. సముద్రం నిండింది మాత్రం ఆర్డొవీషియన్‌లో. అడుగున పాకే బతుకులు, బురదలో దూరే బతుకులు, రాయికి అంటుకుని పైకి లేచి నీళ్ళను వడకట్టి తినే బతుకులు, నీళ్ళ మధ్యలో తేలే బతుకులు అన్నీ ఒక్కసారి వరసలు కట్టాయి.

ఆ సందడిని దగ్గరగా చూడాలంటే అమెరికాలో ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి చుట్టుపక్కల వాగులకు పోవాలి. ఆ నగరం పరిసరాల్లో పునాది తవ్వినా, రోడ్డు కోసం గుట్ట కోసినా బయటపడేది 45 కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు అడుగే. వాన కురిసి మెత్తటి మన్ను కొట్టుకుపోయాక గుల్లలు తమంతట తామే పైకి తేలతాయి. చేతికొచ్చిన ఒక పలకను తిప్పి చూస్తే, బొటనవేలి గోరంత బ్రాకియోపాడ్లు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. ఆలుచిప్పలా రెండు చిప్పలున్నా వీటి వంశమే వేరు. చిప్ప మీద చాళ్ళు వేలికి తగులుతాయి. వాటి మధ్య పుల్లల ముక్కలుగా విరిగి పడ్డవి బ్రయోజోవన్లు. భూతద్దం పెడితే పుల్ల నిండా సూదిబెజ్జాలు కనిపిస్తాయి. ఒక్కో బెజ్జంలో ఒక్కో జీవి కాపురం. నడుమ బెజ్జమున్న గుండ్రటి బిళ్ళలు క్రైనాయిడ్లు అనే సముద్రజీవుల కాడల ముక్కలు. అదృష్టం బాగుంటే ఫ్లెక్సికాలిమెనీ అనే ట్రైలోబైట్, అంటే పెంకున్న కీళ్ళకాళ్ళ జీవి, దొరుకుతుంది. అది తోకను తల కిందికి ముడుచుకుని బిగించుకుంటుంది. 45 కోట్ల ఏళ్ళ కిందట ఏదో వచ్చి మీదపడబోతే చుట్టుకుంది, ఆ పళంగానే బురదలో కూరుకుపోయింది.

ట్రైలోబైట్లన్నీ అంత చిన్నవి కావు. 1998లో కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో, హడ్సన్ అఖాతం ఒడ్డున చర్చిల్ దగ్గర దొరికిన ఐసోటెలస్ రెక్స్ పొడవు 72 సెంటీమీటర్లు. పూర్తి శిలాజంగా దొరికిన ట్రైలోబైట్లలో అంత పెద్దది అప్పటికి లేదు. అంతటి ప్రాణి కూడా భయపడాల్సినవి ఆ సముద్రంలో ఉన్నాయి. స్వీడన్ బండల్లో కనిపించే నాటిలాయిడ్లకు అమెరికాలో ఎండోసెరాస్ అనే భారీ దాయాది ఉండేది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉన్న గుల్ల ముక్కే మూడు మీటర్లుంటుంది. పూర్తి గుల్ల అయిదు మీటర్లు దాటి ఉంటుందని అంచనా. జీవి మాత్రం గుల్ల వెడల్పు కొసన, చివరి గదిలోనే ఉంటుంది. పెరిగినప్పుడల్లా వెనక అడ్డగోడ కట్టి ముందుకు జరుగుతుంది. వదిలేసిన గదుల మధ్యగా పోయే ఒక సన్నటి గొట్టంతో నీళ్ళు తోడేసి, వాయువు నింపి, తేలికపడుతుంది. అంత బరువు మోస్తూ నీళ్ళ మధ్యలో నిలబడగలిగిన కిటుకు అదే. ఆనాటి చేపలు ఎక్కడ అంటారా? ఉన్నాయి. ఆస్ట్రేలియాలో అరండాస్పిస్, బొలీవియాలో సకబంబాస్పిస్. దవడల్లేని, జానెడుకు అటూ ఇటూ ఉండే, ముందు భాగానికి పెంకు తొడుక్కున్న చేపలు. వేట వాటివల్ల అయ్యే పని కాదు.

నేల మీద ఏముంది? దాదాపు ఏమీ లేదు. కొండలన్నీ బోడివే. తేమ ఉన్నచోట నాచును పోలిన మొక్కలు అప్పుడప్పుడే పాకుతున్నాయి. అర్జెంటీనా రాళ్ళలో దొరికిన, 47 కోట్ల ఏళ్ళు దాటిన సూక్ష్మ బీజాంశాలు వాటి తొలి ఆనవాళ్ళలో ఉన్నాయి. ఈ అల్పమైన పచ్చదనం తర్వాత పెద్ద పాత్రే పోషించిందని కొందరి వాదన.

మళ్ళీ కిన్నెకుల్లె రాళ్ళ దగ్గరికి వద్దాం. అక్కడ థోర్స్‌బెర్గ్ క్వారీలో బండలు కోస్తున్నప్పుడు అప్పుడప్పుడు నల్లటి మచ్చలు అడ్డం వచ్చేవి. చుట్టూ రాయి కూడా రంగు వెలిసి ఉండేది. గచ్చుకు పనికిరాదని పనివాళ్ళు వాటిని పక్కన పారేసేవారు. పారేసినవి ఉల్కలు! లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బిర్గర్ ష్మిట్జ్ క్వారీ వాళ్ళతో మాట కలుపుకుని 1990ల నుంచి సేకరిస్తూ పోతే వందకు పైగా దొరికాయి. ఒక్కటి తప్ప అన్నీ ఒకే రకం. అంగారక, బృహస్పతి గ్రహాల మధ్య సుమారు 150 కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న గ్రహశకలం ఒకటి 46.6 కోట్ల ఏళ్ళ కిందట దేన్నో గుద్దుకుని తునాతునకలైంది. ఆ తునకలు ఈ సముద్రంలో రాలాయి. ఈనాటికీ భూమ్మీద పడే ఉల్కల్లో పెద్ద వాటా ఆ శకలం బాపతేనని అంటారు. ఆ ధూళి సూర్యకాంతిని అడ్డుకుని భూమిని చల్లబరిచిందని ష్మిట్జ్ బృందం 2019లో ప్రతిపాదించింది. ఆకర్షణీయమైన వాదనే. కానీ అసలు మంచుయుగం వచ్చింది దానికి రెండు కోట్ల ఏళ్ళ తర్వాత. ధూళి ఒక తోపు తోసి ఉండొచ్చు, అంతదాకా మోసుకొచ్చిందంటే మాత్రం నమ్మడం కష్టం.

బొగ్గుపులుసు వాయువును గాలిలోంచి లాగేసినవి వేరే ఉన్నాయి. ఉత్తర అమెరికా తూర్పు అంచున కొత్త పర్వతాలు లేచాయి. తాజా అగ్నిపర్వత శిల వాన నీటికి కరిగే కొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు నీటిలో కలిసి నదుల వెంట సముద్రానికి చేరి, చివరికి సున్నపురాయి అయి కూర్చుంటుంది. బ్రిటన్‌కు చెందిన టిమ్ లెంటన్ బృందం ఇందులో మొక్కల వాటా తేల్చేందుకు రాళ్ళ ముక్కల మీద నాచు పెంచి చూసింది. నాచు ఉన్న రాయి, లేని రాయి కంటే చాలా వేగంగా ఖనిజాలను వదిలింది. బోడికొండల మీదికి పాకిన తొలి మొక్కలు ఇదే పని లక్షల ఏళ్ళు చేసి వాతావరణాన్ని చల్లబరిచాయని 2012లో ఆ బృందం రాసింది. రాళ్ళు వదిలిన ఫాస్ఫరస్ సముద్రంలో పాచిని పెంచి, ఆ పని ఇంకా ముమ్మరం చేసిందట. ఇంతకీ ఒక్క దోషిని పట్టుకోవాలనే ఉబలాటం ఇక్కడ పనికిరాదు. నాలుగైదు కారణాలు ఒకే వైపు లాగాయి.

అగ్నిపర్వతాల సంగతి కూడా చెప్పుకోవాలి. 45.4 కోట్ల ఏళ్ళ కిందట పేలిన కొన్నింటి బూడిద ఉత్తర అమెరికా, ఐరోపాల మీద పరుచుకుంది. కిన్నెకుల్లెలో ఆ బూడిద పొర మందం దాదాపు రెండు మీటర్లు. భూమి చరిత్రలో తెలిసిన అతిపెద్ద పేలుళ్ళలో అవీ ఉన్నాయి. మహావినాశనం మాత్రం జరగలేదు. చూడ్డానికి ఘోరమైన ప్రతిదీ ప్రాణాంతకం కాదు మరి.

ప్రాణాంతకమైనది ఎక్కడ దాక్కుందో 1960ల్లో బయటపడింది. అల్జీరియా దక్షిణాన, సహారా ఎడారిలో, తస్సిలి నజ్జెర్ పీఠభూమి చుట్టూ చమురు కోసం సర్వే చేస్తున్న ఫ్రెంచి భూవిజ్ఞానులకు ఇసుకరాతి మీద వింత గీతలు కనిపించాయి. సమాంతరంగా, తిన్నగా, కొన్ని కిలోమీటర్ల మేర సాగే గాట్లు. గాలి అలా గీయలేదు, నది గీయలేదు. అడుగున రాళ్ళు ఇరుక్కున్న హిమానీనదం కొండంత బరువుతో జారితేనే నేల మీద అలాంటి గాట్లు పడతాయి. పక్కనే, సన్నటి బురద పొరల మధ్య, ఎక్కడి నుంచో వచ్చి పడ్డ బండరాళ్ళు. తేలే మంచుగడ్డ కరిగినప్పుడు దానిలోంచి జారి పడ్డవి. నిప్పులు చెరిగే ఎండలో నిలబడి ఇక్కడ మంచు ఉండేదని చెప్పడానికి ధైర్యం కావాలి. 1970లో అంతర్జాతీయ నిపుణుల బృందం స్వయంగా వెళ్ళి చూసి ఔనంది. గోండ్వానా ఆ చివర దక్షిణ ధ్రువం మీద ఉంది కాబట్టి లెక్క సరిపోయింది.

ఆ మంచు ఎంత? దీనికి జవాబు కెనడాలో, సెయింట్ లారెన్స్ సింధుశాఖలోని ఆంటికోస్టి దీవిలో దొరికింది. ఆనాడు ఉష్ణమండలంలో ఉన్న ఆ దీవి తీరపు సున్నపురాతి గట్లలో ఈ వినాశనానికి ముందూ వెనకా ఉన్న పొరలు తెగకుండా ఉన్నాయి. యునెస్కో 2023లో ఆ దీవిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది కూడా అందుకే. అక్కడి గుల్లలను పరీక్షించిన సేత్ ఫిన్నెగన్ బృందం 2011లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఉష్ణమండల సముద్రాలు కొద్దికాలంలోనే సుమారు 5 డిగ్రీలు చల్లబడ్డాయి. ధ్రువం మీది మంచు 20 వేల ఏళ్ళ కిందటి మంచుయుగం నాటి మంచుకు సమానం, లేదా అంతకు మించి. ఇదంతా ఆర్డొవీషియన్ చిట్టచివరి అంకమైన హిర్నాన్షియన్‌లో, ఇరవై లక్షల ఏళ్ళకు మించని వ్యవధిలో జరిగింది.

మంచుగా గడ్డకట్టిన నీళ్ళన్నీ సముద్రంలోంచి వచ్చినవే. సముద్రమట్టం సుమారు వంద మీటర్లు పడిపోయిందని అంచనా. ఖండాల మీద పరుచుకున్న లోతు తక్కువ సముద్రాలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఇక్కడే అసలు దెబ్బ తగిలింది. ఆ సముద్రాల్లో ఒక్కోదానిలో వేరే ఎక్కడా లేని జాతులుండేవి. కోట్ల ఏళ్ళుగా విడివిడిగా పెరిగినవి. నీళ్ళు వెనక్కి పోయాక వాటికి మిగిలింది ఖండం అంచున ఏటవాలు మాత్రమే. అక్కడ చోటు తక్కువ, నీళ్ళు చల్లన, పోటీ ఎక్కువ. భూమధ్యరేఖ వైపు జరిగి బతుకుదామంటే అక్కడా చలే. అప్పటికే అక్కడున్న వెచ్చటి నీటి జీవులు ఎక్కడికి పోవాలి? బ్రాకియోపాడ్లు, బ్రయోజోవన్లు కుప్పలుగా పోయాయి. పిల్ల దశలో నీళ్ళ పైపొరల్లో తేలే అలవాటున్న ట్రైలోబైట్లు దాదాపు ఊడ్చుకుపోయాయి. అడుగునే గుడ్డు పెట్టి అడుగునే పెరిగే రకాలు కొన్ని మిగిలాయి.

చావు ఖాళీ చేసిన చోటికి చలి ఓర్చుకునే బ్రాకియోపాడ్ల గుంపు ఒకటి వచ్చి చేరింది. వేల్స్‌లోని కమ్ హిర్నాంట్ పేరు మీద దాన్ని హిర్నాన్షియా సముదాయం అంటారు. చైనా నుంచి బాల్టిక్ తీరం దాకా, కజకిస్థాన్ నుంచి అమెరికా దాకా అవే గుల్లలు. కొత్త పరిస్థితికి అలవాటు పడినట్టే కనిపించాయి.

అంతలో మంచు కరిగింది. సముద్రం మళ్ళీ పొంగింది, మళ్ళీ వేడెక్కింది. అడుగు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోయింది. ఆంటికోస్టి సున్నపురాళ్ళలోని యురేనియం ఐసోటోపులు ఈ ఊపిరాడని నీళ్ళు ఎంత విస్తారంగా ఉండేవో చూపిస్తున్నాయి. చలికి ఓర్చుకున్న హిర్నాన్షియా సముదాయం ఈ రెండో దెబ్బకు పోయింది. కోనోడాంట్లు కూడా చాలావరకు ఇప్పుడే పోయాయి. వేడికి అలవాటు పడ్డవాటిని చలి, చలికి అలవాటు పడ్డవాటిని వేడి చంపాయి.

ఆ ఊపిరాడని అడుగే ఒక అపురూపమైన పనీ చేసింది. దక్షిణాఫ్రికాలోని సీడర్‌బెర్గ్ పర్వతాల్లో హిమానీనదాలు వదిలిన రాళ్ళ మీద సూమ్ షేల్ అనే సన్నటి బురద పొర ఉంది. కుళ్ళబెట్టే జీవులు బతకలేని ఆ బురదలో మెత్తటి శరీరాలు కూడా నిలిచిపోయాయి. ప్రొమిసమ్ అనే కోనోడాంట్ కళ్ళు, కండరాల పోచలు అక్కడ దొరికాయి. లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా గాబట్ అక్కడే ఒక క్వారీలో తీసిన ఇంకో ప్రాణి అంతకంటే విచిత్రం. మామూలు శిలాజంలో పెంకు మిగిలి, కండ పోతుంది. ఇందులో పెంకు, కాళ్ళు, తల పోయి, కండరాలు, కండరాలను పట్టి ఉంచే నరాల్లాంటి స్నాయువులు, పేగులు ఖనిజమై నిలిచాయి. లోపలి భాగం వివరంగా తెలుసు, బయట ఎలా ఉండేదో తెలియదు. అది కీళ్ళకాళ్ళ జీవుల వంశంలో ఏ శాఖకు చెందినదో తేల్చలేక గాబట్ 25 ఏళ్ళు ఆగి, చివరికి 2025లో దాన్ని క్యూర్‌బోస్ సుసానే అని పేరు పెట్టి ప్రచురించారు. సుసానే అన్నది ఆమె తల్లి స్యూ పేరు.

మంచుతో పని లేకుండా వేరే కారణాలు చెప్పేవాళ్ళూ ఉన్నారు. దగ్గరి నక్షత్రం నుంచి గామా కిరణాలు వెల్లువెత్తి ఓజోన్ పొరను చీల్చాయని 2004లో ఒక ప్రతిపాదన వచ్చింది. దానికి రాళ్ళలో సాక్ష్యం ఇంతవరకూ దొరకలేదు. ఆ పొరల్లో పాదరసం పెరిగిందని, అంటే భారీ అగ్నిపర్వతాలు పనిచేశాయని, వేడీ, ఆక్సిజన్ కొరతా మొదటి దెబ్బకు కూడా కారణమని 2020లో ఇద్దరు శాస్త్రవేత్తలు వాదించారు. ఈ వాదన ఇంకా నడుస్తోంది. రాళ్ళ మీద గాట్లు, గుల్లల్లో ఉష్ణోగ్రత, సముద్రమట్టం పతనం మూడూ ఒకేసారి సాక్ష్యం చెబుతున్నప్పుడు మంచును పక్కకు తొయ్యడం మాత్రం అంత తేలిక కాదు.

జాతుల లెక్కలో ఇది భూమి చరిత్రలో రెండో అతిపెద్ద మహావినాశనం. డైనోసార్లను తుడిచేసిన దానికంటే పెద్దది. అయినా ఇంత పెద్ద చావు తర్వాత సముద్రం పెద్దగా మారకపోవడం విడ్డూరం. చాలాకాలం తర్వాత పెర్మియన్ అనే యుగం చివర జరిగిన వినాశనం తర్వాత పాత లోకం మళ్ళీ రాలేదు. ఇక్కడ మాత్రం కొన్ని లక్షల ఏళ్ళ నుంచి కొన్ని కోట్ల ఏళ్ళలోపు అవే రకాల దిబ్బలు, అవే బ్రాకియోపాడ్ల పరుపులు, అవే క్రైనాయిడ్ల తోటలు మళ్ళీ లేచాయి. జాతులు మారాయి, కొలువులు మారలేదు. చనిపోయిన జాతుల సంఖ్య ఒక్కటీ చూసి వినాశనాలకు ర్యాంకులిచ్చే అలవాటు ఎంత తప్పుదోవ పట్టిస్తుందో చెప్పడానికి ఆర్డొవీషియన్‌ను మించిన ఉదాహరణ లేదు.

కథను ఇంత వివరంగా చెప్పగలుగుతున్నామంటే గ్రాప్టొలైట్ల చలవే. నల్లటి పలకరాతి మీద పెన్సిల్‌తో గీసినట్టు, ఒక అంచున రంపపు పళ్ళతో కనిపించే సన్నటి చారలు అవి. ఒక్కో పంటిలో ఒక్కో చిన్న జీవి, అందరూ కలిసి ఒక కాలనీ. నీళ్ళలో తేలుతూ ప్రపంచమంతా తిరిగేవి, రూపం తొందరగా మార్చుకునేవి. అందుకని ఏ రకం ఉంటే ఆ రాయి వయసు తెలిసిపోతుంది. ఈ కిటుకు పట్టుకున్నది చార్లెస్ లాప్‌వర్త్ అనే బడిపంతులు. స్కాట్లండ్‌లోని గాలాషీల్స్‌లో పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో మోఫట్ దగ్గర డాబ్స్ లిన్ అనే లోయలో అంగుళం అంగుళం గ్రాప్టొలైట్లు ఏరాడు. చాలా మందంగా ఉన్నాయని అందరూ అనుకున్న పొరలు నిజానికి పల్చనివేననీ, ముడతలు పడి అవే మళ్ళీ మళ్ళీ పైకొస్తున్నాయనీ తేల్చాడు. అప్పట్లో సెడ్జ్‌విక్, మర్చిసన్ అనే ఇద్దరు దిగ్గజాలు ఒకే రాళ్ళను తమ తమ యుగాల్లో కలిపేసుకుని చచ్చేదాకా పోట్లాడుకున్నారు. వాళ్ళిద్దరూ పోయాక, 1879లో, లాప్‌వర్త్ ఆ తగువు రాళ్ళను విడదీసి ఆర్డొవీషియన్ అన్నాడు. అప్పుడాయన పాఠాలు చెబుతున్న బడి పేరు మద్రాస్ కాలేజి. మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ తర్వాత స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పెట్టిన బడి అది. డాబ్స్ లిన్‌లో లాప్‌వర్త్ తవ్విన గట్టునే 1980ల్లో ఆర్డొవీషియన్‌కు ముగింపుగా, తర్వాతి సైలూరియన్‌కు మొదలుగా ప్రపంచ ప్రమాణంగా ఖాయం చేశారు.

ఆ గట్టు మీద గ్రాప్టొలైట్లు కూడా అంతమయ్యేంత పని అయింది. రకరకాల కొమ్మలతో ఉన్నవన్నీ హిర్నాన్షియన్‌లో పోగా, నార్మలోగ్రాప్టస్ బాపతు సాదాసీదా రకాలు కొన్ని మిగిలాయి. సైలూరియన్ సముద్రాల్లో మళ్ళీ నిండిన గ్రాప్టొలైట్లలో అత్యధికం ఆ కొద్దిమంది సంతానమే.

మంచు కరిగి పొంగిన ఆ సముద్రం ఉత్తర ఆఫ్రికా, అరేబియాల మీదికి ఎక్కి, ఊపిరాడని అడుగున నల్లటి బురద పరిచింది. చచ్చి రాలిన పాచి, గ్రాప్టొలైట్లు కుళ్ళకుండా దానిలోనే ఉండిపోయాయి. సౌదీ అరేబియాలో దాన్ని కుసైబా షేల్ అంటారు. తర్వాత కోట్ల ఏళ్ళు కింద పడి ఉడికిన ఆ బురదలోంచి చమురు, గ్యాస్ పైకి ఊరి, పైనున్న సున్నపురాళ్ళలో చిక్కుకున్నాయి. 1971లో కనుగొన్న ఖతార్ నార్త్ ఫీల్డ్, ఇరాన్ వైపున్న దాని రెండో సగం సౌత్ పార్స్ కలిపి ప్రపంచంలోకెల్లా పెద్ద గ్యాస్ క్షేత్రం. అక్కడి గ్యాస్‌కు మూలం ఈ షేలేనని భూవిజ్ఞానులు గుర్తించారు. సౌదీ బావుల్లోంచి తీసిన ఈ షేల్ ముక్కల వయసు తేల్చాలంటే ఇప్పటికీ గ్రాప్టొలైట్లను చూసే చెబుతారు. గల్ఫ్‌కు వెళ్ళిన తెలుగు ఫిట్టర్లు, వెల్డర్లలో ఖతార్ గ్యాస్ ప్లాంట్లలో పనిచేసినవాళ్ళూ ఉన్నారు. అక్కడ ద్రవంగా మార్చిన గ్యాస్ తొలి నౌక 2004 జనవరిలో గుజరాత్‌లోని దహేజ్ రేవుకు చేరింది. అప్పటి నుంచి ఎరువుల కర్మాగారాలకూ, ఇళ్ళ పైపులకూ అది సరఫరా అవుతూనే ఉంది.